స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ను పది మీటర్లకు జీరో చేయడం ఎలా?

జీరో చేయడమంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ (చిన్న సీసం గుండు) పడేలా సైట్‌ను, అంటే గురి చూసే భాగాన్ని, సర్దడం. కొత్త ఎయిర్ రైఫిల్ కొన్న వారంలోపే చాలామంది "దీనికి గురి కుదరడం లేదు" అనేస్తారు. ఆ తర్వాత వెనక సైట్‌ను ఇష్టం వచ్చినట్టు తిప్పుతారు, స్కోప్ కొంటారు, పెల్లెట్లు మారుస్తారు, చివరికి రైఫిల్‌ను మూలన పెట్టేస్తారు. తప్పు ఎక్కువగా రైఫిల్‌ది కాదు, దాన్ని పట్టుకున్న తీరుది. స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా పట్టుకుంటే ఎంత ఖరీదైనదైనా పెల్లెట్లను చెదరగొడుతుంది. కింద చెప్పే పద్ధతిలో ఆ పట్టు దగ్గర ఆగి చదవండి, మిగతావి త్వరగా అయిపోతాయి.

కావలసినవి

మధ్యస్థ శక్తి ఉన్న, బ్యారెల్ (గొట్టం) మడిచి కాక్ చేసే, అంటే లోపలి స్ప్రింగ్‌ను నొక్కిపెట్టే, రైఫిల్ చాలు. కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు ఉండాలి. పది మీటర్ల దగ్గర 5.5 కాలిబర్ వల్ల లాభమేమీ లేదు, పెల్లెట్ ఖర్చు మాత్రం ఎక్కువ. చదును తల ఉన్న వాడ్‌కటర్ పెల్లెట్లు తీసుకోండి, కాగితంలో గుండ్రటి రంధ్రం కోసినట్టు పడుతుంది కాబట్టి కొలవడం సులభం. స్టీల్ బీబీలు (చిన్న ఉక్కు గుండ్లు) వద్దు. రైఫ్లింగ్ (లోపల మెలి తిరిగిన గాళ్లు) ఉన్న బ్యారెల్‌ను అవి పాడుచేస్తాయి, గట్టి దేనికి తగిలినా వెనక్కి దూసుకొస్తాయి. కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన నిలబడి చూసేవాళ్లకు కూడా.

లక్ష్యం వెనక అడ్డు ఉండాలి. బలమైన చెక్కపెట్టెలో పాత బట్టలు కుక్కి, దాని వెనక మందపాటి ఉక్కు రేకు పెడితే సరిపోతుంది. చెట్టు, ఇటుక గోడ, తలుపు పలక అడ్డుగా పనికిరావు. పెల్లెట్ తప్పిపోతే ఎక్కడికి వెళ్తుందో ముందే చూసుకోండి, ఎందుకంటే తప్పిపోయిన పెల్లెట్ మనిషి కన్ను పోగొట్టగలదు. రైఫిల్ కొనడానికి, వాడడానికి మీ ప్రాంతంలో ఉన్న నియమాలు కూడా ముందే తెలుసుకోండి.

ముందు రైఫిల్‌ను సిద్ధం చేయండి

స్టాక్ (రైఫిల్‌ను పట్టుకునే, భుజానికి ఆనించే భాగం) స్క్రూలు బిగించండి. వదులైన స్క్రూ వల్ల చెదిరే పెల్లెట్ల సంగతి ఎంత మంచి షూటర్‌కైనా తేలికగా తెలియదు. స్కోప్ ఉంటే మౌంట్ స్క్రూలు కూడా చూడండి.

కొత్త రైఫిల్ మొదటి షాట్లలో పొగ, కాలిన నూనె వాసన, అలవాటు లేని పెద్ద శబ్దం వస్తాయి. గాలి గదిలో మిగిలిన నూనె ఒత్తిడికి మండుతుందన్నమాట. అది తగ్గేదాకా, అంటే కనీసం వంద షాట్ల దాకా, సైట్‌ను ముట్టుకోవద్దు. ఆ దశలో పెల్లెట్ వేగం ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది. గాలి గదిలోకి ఇంకా నూనె వేయడం మరింత నష్టం.

పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కవద్దు. ముందున్న గాలిని పెల్లెట్ ఆపకపోతే పిస్టన్ చివరికి కొట్టుకుని సీల్, స్ప్రింగ్ రెండూ దెబ్బతింటాయి. పెల్లెట్ పెట్టేటప్పుడు మడిచిన బ్యారెల్‌ను మరో చేత్తో పట్టుకునే ఉంచాలి. కాక్ అయిన రైఫిల్ అనుకోకుండా పేలితే బ్యారెల్ ఎగిరి మూసుకుంటుంది, వేళ్లు నుజ్జవుతాయి. వెనక అంచు వంగిన పెల్లెట్‌ను పక్కన పడేయండి. మంచిదాన్ని బొటనవేలితో నొక్కితే అంచు బ్యారెల్ ముఖంతో సమంగా కూర్చోవాలి.

అసలు మెట్టు: పట్టు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా.

స్ప్రింగ్ రైఫిల్ ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, దానికి ప్రతిగా రైఫిల్ మొత్తం వెనక్కి కదులుతుంది. చివర్లో నొక్కుకుపోయిన గాలి మెత్త మీద పిస్టన్ ఆగగానే రైఫిల్ ముందుకు గుంజుకుపోతుంది. ఈ రెండు కుదుపులూ పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే జరుగుతాయి. అంటే పెల్లెట్ బయటికి వచ్చే క్షణంలో రైఫిల్ ఎటు కదులుతోందన్నది మీ చేతిపట్టు మీదే ఆధారపడుతుంది. రైఫిల్ ప్రతిసారీ ఒకేలా కదిలితే పెల్లెట్ ఒకే చోట పడుతుంది. మీరు ఒకసారి బిగించి, ఒకసారి వదులుగా పట్టుకుంటే కదలిక మారుతుంది, పెల్లెట్ కూడా మారుతుంది.

అందుకే రైఫిల్‌ను ఆపడానికి ప్రయత్నించకండి, కదలనివ్వండి. ఎడమ అరచేతిని తెరిచి పెట్టి రైఫిల్‌ను దాని మీద ఆనించండి, వేళ్లు చుట్టవద్దు. చేయి ట్రిగ్గర్ గార్డ్‌కు కాస్త ముందు ఉంచి మొదలుపెట్టండి. బట్ (స్టాక్ వెనక చివర) భుజానికి తగిలీ తగలనట్టు ఉండాలి, గుంజుకోకూడదు. బుగ్గ బరువు కూడా స్టాక్ మీద మోపకూడదు, ప్రతిసారీ ఒకే చోట తేలిగ్గా ఆనాలి. కుడిచేయి పట్టు ట్రిగ్గర్ నొక్కడానికి సరిపడేంతే. కుడిచేతి బొటనవేలు స్టాక్ వెనక చుట్టకుండా పక్కన పైకి ఉంచితే బిగింపు బాగా తగ్గుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి, ఎడమలు మార్చుకోండి.

ఇక్కడే ఎక్కువమంది తప్పుదారి పడతారు. రైఫిల్‌ను ఇసుకబస్తా మీదో, బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) మీదో గట్టిగా పెట్టి "ఇప్పుడిక కదలదు" అనుకుంటారు. పొడి మందుతో పేలే రైఫిల్‌కు అది పనికొస్తుంది, ఎందుకంటే దానిలో బుల్లెట్ చాలా త్వరగా బయటపడుతుంది. స్ప్రింగ్ రైఫిల్ గట్టి ఆధారం మీద ఎగిరెగిరి పడుతుంది. అలా జీరో చేసి తర్వాత చేతుల్లో పట్టుకుంటే పెల్లెట్లన్నీ వేరే చోట పడతాయి. బల్ల మీద కూర్చుని చేయాలంటే చేయి బస్తా మీద, రైఫిల్ చేతి మీద. బస్తా రైఫిల్‌ను ముట్టకూడదు.

చేయి ఎక్కడ ఉంటే బాగుంటుందో రైఫిల్‌ని బట్టి ఉంటుంది. కాబట్టి వెతకండి. ట్రిగ్గర్ గార్డ్ దగ్గర 5 షాట్లు, 3 సెంటీమీటర్లు ముందుకు జరిపి మరో 5, ఇంకో 3 సెంటీమీటర్లు జరిపి మరో 5. ఈ మూడు గ్రూపుల్లో (ఐదు రంధ్రాలు కలిసి ఒక గ్రూప్) ఏది చిన్నదో ఆ చోట స్టాక్ మీద టేప్ అంటించండి, ఇక ఎప్పుడూ చేయి అక్కడే. ఈ పరీక్ష అయ్యేదాకా సైట్ స్క్రూను ముట్టుకోవద్దు.

ట్రిగ్గర్ కూడా పట్టులో భాగమే. మొదటి దశ మెత్తగా వెనక్కి వస్తుంది, తర్వాత గట్టిగా ఆగే చోటు తగులుతుంది. అక్కడ ఆగి ఊపిరి సగం వదిలి, మెల్లగా ఒత్తిడి పెంచండి. ఎనిమిది సెకన్లలోపు తెగకపోతే వదిలేసి ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి, చేయి వణుకుతుండగా లాగవద్దు. పెల్లెట్ కాగితాన్ని తాకిన చప్పుడు వినేదాకా సైట్ మీద నుంచి కన్ను తీయకండి. చాలామంది తలెత్తి ఎక్కడ పడిందో చూస్తారు, ఆ తలెత్తడమే రైఫిల్‌ను కదిలిస్తుంది.

మరో పరీక్ష: గురి పెట్టి కళ్లు మూసుకుని భుజాలు సడలించండి, మళ్లీ తెరవండి. సైట్ లక్ష్యం మీద లేకపోతే చేత్తో లాగి సరిచేయకండి, కాళ్లు లేదా కుర్చీ జరపండి. కండరంతో లాగిపెట్టిన గురి ట్రిగ్గర్ తెగగానే పాత చోటికి పోతుంది.

సైట్ సర్దడం

గ్రూప్ 25 మిల్లీమీటర్లలోపు రాగానే సైట్ పని పది నిమిషాలది. ఒక్క పెల్లెట్ చూసి సైట్ తిప్పకూడదు, ఎప్పుడూ 5 పెల్లెట్ల గ్రూప్ నడుమను చూడాలి. వెనక సైట్‌ను పెల్లెట్లు ఎటు వెళ్లాలో అటే జరపాలి. కుడికి పడుతుంటే ఎడమకు, కిందకు పడుతుంటే పైకి. ఎంత అన్నది లెక్కే: తప్పిన దూరాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దూరంతో భాగించండి. సైట్ల మధ్య 450 మిల్లీమీటర్లు, లక్ష్యం 10 మీటర్లు, తప్పు 20 మిల్లీమీటర్లు అయితే వెనక సైట్ కదలాల్సింది 0.9 మిల్లీమీటర్. ఒక్కో క్లిక్‌కి పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) జరిగే స్కోప్ అయితే పది మీటర్ల దగ్గర ఒక క్లిక్ సుమారు 0.73 మిల్లీమీటర్లు, కాబట్టి 10 మిల్లీమీటర్ల తప్పుకి 14 క్లిక్‌లు.

స్కోప్ పెట్టేవాళ్లు ఎయిర్ గన్‌కని తయారైనదే వాడాలి. ముందుకూ వెనక్కూ పడే ఈ రెండు కుదుపులు మామూలు స్కోప్ లోపలి భాగాలను విడగొడతాయి. నేర్చుకునేవాళ్లు అసలు స్కోప్ పెట్టకండి. ఓపెన్ సైట్‌తో కన్ను ముందు సైట్ మీద నిలపడం అలవాటవుతుంది, లక్ష్యం మసకగా కనిపిస్తే తప్పు లేదు. నల్లటి వలయం కింద సన్నటి తెల్ల గీత మిగిలేలా గురి పెట్టడమే సరైనది, దాని నడుమన పెట్టే గురి ప్రతిసారీ కొంత జారుతుంది.

ఈ హాబీకి ఉన్న ఇబ్బందులు

స్ప్రింగ్ రైఫిల్‌కు గాలి ట్యాంకు, పంపు అవసరం లేదు, చప్పుడు తక్కువ, పది మీటర్ల స్థలం చాలు. ఆ దూరం చిన్నదనుకోవద్దు. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఎయిర్ రైఫిల్ పోటీ పది మీటర్లదే, అందులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అందులో వాడేవి కుదుపులేని సంపీడిత గాలి రైఫిళ్లు. వాటితో కొట్టడం హాయిగా ఉంటుంది. కానీ పట్టులోని తప్పులను అవి దాచేస్తాయి, అందుకే నేర్చుకోవడానికి స్ప్రింగ్ రైఫిలే మెరుగు.

ఇబ్బందులూ నిజమే. యాభై షాట్ల తర్వాత కాక్ చేసే చేయి అలసిపోతుంది, అలసిన చేతితో చేసిన జీరో నమ్మకం లేనిది, కాబట్టి అక్కడితో ఆపేయాలి. గంటల తరబడి కాక్ చేసి ఉంచితే స్ప్రింగ్ సడలి, పెల్లెట్లు క్రమంగా కిందకు పడతాయి. పెల్లెట్లు సీసం కాబట్టి ముట్టుకున్న చేతితో తినకూడదు, షూటింగ్ అవగానే చల్లటి నీళ్లు, సబ్బుతో కడుక్కోవాలి. అడ్డుపెట్టె ఖాళీ చేసేటప్పుడు దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి, పొడి చీపురుతో ఊడవకండి.

జీరో అయ్యాక పెల్లెట్ రకం మారిస్తే కొత్తవాటితో ముందు 20 కొట్టి, ఆ తర్వాతే గ్రూప్ చూడండి. జీరో ఒకరోజు అకస్మాత్తుగా మారితే సైట్ తిప్పేముందు స్టాక్ స్క్రూలు, ఆ తర్వాత స్టాక్ మీద టేప్ గుర్తు దగ్గర మీ చేయి ఉందో లేదో చూడండి.