మాల్టా వెళ్లడానికి వీసా ఎలా తీసుకోవాలి? కాగితాల దగ్గర్నుంచి లుకా విమానాశ్రయం దాకా

ఇటలీ అడుగున సిసిలీ ఉంది కదా, దానికి ఇంకా దక్షిణాన మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న ద్వీపదేశం మాల్టా. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 డిసెంబరులో షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దేశమైంది, 2008 నుంచి అక్కడ యూరో నడుస్తోంది. కాబట్టి మాల్టాకి మాత్రమే పనికొచ్చే టూరిస్టు వీసా కోసం వెతకనక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తీసుకోవాల్సింది సి రకం, అంటే తక్కువ రోజుల పర్యటనకిచ్చే షెంజెన్ వీసా. దాన్ని మాల్టా ప్రభుత్వం ఇస్తుంది, అదే వీసాతో మిగతా షెంజెన్ దేశాలకూ వెళ్లిరావచ్చు.

వీసా అధికారి మన మొహం చూడడు, మన మాట వినడు. అతని ముందు ఉండేది మనం ఇచ్చిన కాగితాల కట్టే. టికెట్‌లో ఒక తేదీ, హోటల్‌లో ఇంకో తేదీ, సెలవు లెటర్‌లో మరో తేదీ ఉంటే, బ్యాంకులో ఎంత డబ్బున్నా దరఖాస్తు తిరిగొస్తుంది. కింద చెప్పిన ప్రతి అడుగులోనూ ఈ పొంతన కోసమే చూడండి.

ముందు: మీకు వీసా అవసరమా, అడగాల్సింది మాల్టానేనా?

అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు తీసుకున్న తెలుగువాళ్లకి 90 రోజుల్లోపు పర్యటనకు వీసా అక్కర్లేదు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చదువుకుంటూ ఆ దేశపు రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఉన్న విద్యార్థులకీ అక్కర్లేదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట పెట్టుకుంటే చాలు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. హెచ్-1బి మీద అమెరికాలో ఉన్న భారత పాస్‌పోర్టుదారులకి మాత్రం వీసా కావాలి, దరఖాస్తు కూడా సాధారణంగా అమెరికాలోనే పెట్టాలి. వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఉంటే, మాల్టా చూసి తిరిగి అమెరికాలో అడుగుపెట్టడం కుదరదు. హెచ్-1బి మంజూరైందని చెప్పే ఐ-797 కాగితం ఒక్కటీ విమానం ఎక్కనివ్వదు.

రెండు మూడు దేశాలు కలిపి వెళ్తుంటే, ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశాన్నే వీసా అడగాలి. సిసిలీలో 3 రాత్రులు, మాల్టాలో 5 రాత్రులు అయితే మాల్టా. సిసిలీలో 5, మాల్టాలో 3 అయితే ఇటలీ. రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశం. అపాయింట్‌మెంట్ త్వరగా దొరికిందని మాల్టాకి పెట్టుకుని, తీరా పారిస్ మాత్రమే చూసి వద్దామనే ఆలోచన పెట్టుకోకండి. సరిహద్దులో పట్టుబడితే వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం వాళ్లకుంది, ఆ మచ్చ తర్వాతి దరఖాస్తుల్లోనూ కనబడుతుంది.

పాస్‌పోర్టు, పేరు

షెంజెన్ నుంచి బయటికొచ్చే రోజు తర్వాత కనీసం 3 నెలలు పాస్‌పోర్టుకి గడువుండాలి. గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. పాత పాస్‌పోర్టులుంటే అవీ జత చేయండి. వాటిలో ఉన్న పాత వీసాలు మీకు సాక్ష్యం.

మన దగ్గర ఎక్కువగా చిక్కొచ్చేది పేరుతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా "కొత్తపల్లి వెంకట రమణ" అని ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ మీద "కె.వి. రమణ". ఉద్యోగం ఇచ్చిన కంపెనీ లెటర్‌లో "వెంకట రమణ కె". మనకి ముగ్గురూ ఒకరే, చూసేవాడికి కాదు. బ్యాంకుకి వెళ్లి ఖాతా పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్పించుకోండి. అంత టైం లేకపోతే పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ చేయించిన అఫిడవిట్ పెట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే వరుసలో ఉన్న పాస్‌పోర్టుతో టికెట్ బుకింగ్‌లోనూ తంటాలొస్తాయి. ప్రయాణానికి నెలల టైం ఉంటే పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీ-ఇష్యూకి పెట్టి, ఇంటిపేరు విడిగా రాయించుకోవడం మంచిది.

పెళ్లయ్యాక భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటే తప్పేం లేదు. మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేస్తే సరిపోతుంది. పిల్లాడు తల్లితోనో తండ్రితోనో ఒక్కరితోనే వెళ్తుంటే, రెండోవారి సమ్మతి పత్రం నోటరీతో ఉండాలి, బర్త్ సర్టిఫికెట్ కూడా.

ఎప్పుడు పెట్టాలి, ఎంత ఖర్చు?

ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనంగా పరిశీలించాల్సి వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. వేసవి సెలవులకి వెళ్లేవాళ్లు జనవరి, ఫిబ్రవరిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోవాలి. ఏప్రిల్‌లో మొదలుపెడితే మే నెలకి స్లాట్లు దొరకడం కష్టం.

వీసా ఫీజు పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్ల లోపు వాళ్లకి ఉచితం. ఈ రేట్లు 2024 జూన్ 11న అమల్లోకి వచ్చాయి. దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ సర్వీస్ చార్జి దీనికి అదనం. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు. ఎస్సెమ్మెస్, కొరియర్, లౌంజ్ లాంటివి కౌంటర్ దగ్గర అడుగుతారు, అవసరం లేకపోతే వద్దనండి. వాటివల్ల వీసా త్వరగా రాదు.

కాగితాల కట్ట

ఫారం నింపి సంతకం చేయాలి. ఫోటో 35 x 45 మిల్లీమీటర్లు, తెల్లటి వెనకభాగం, ఇటీవలిది. పాత పాస్‌పోర్టు ఫోటోనే మళ్లీ అంటిస్తే వెనక్కిస్తారు. రానూపోనూ విమానం రిజర్వేషన్, ప్రతి రాత్రికీ బస వివరం ఉండాలి. వీసా చేతికి రాకముందే రద్దు కుదరని టికెట్ కొనకండి, రిజర్వేషన్ చాలు. బంధువుల ఇంట్లో ఉంటే వాళ్ల ఆహ్వాన లేఖ, వాళ్ల అక్కడి నివాస పత్రం కాపీ కావాలి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అత్యవసర వైద్యం, ఆస్పత్రి ఖర్చు, మనిషిని గానీ భౌతికకాయాన్ని గానీ స్వదేశానికి చేర్చే ఖర్చు అన్నీ అందులో ఉండాలి, షెంజెన్ అంతటా చెల్లాలి. పాలసీ కొనేటప్పుడు ఏజెంటు ఆసియా ప్లాన్ అంటగట్టకుండా చూసుకోండి. పర్యటన 10 రోజులైతే పాలసీ 12 రోజులకి తీసుకోండి. విమానం ఒక రోజు ఆలస్యమైనా కవర్ ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. బ్యాంకు స్టేట్‌మెంట్ 6 నెలలది, బ్యాంకు ముద్రతో ఇవ్వండి. జీతగాళ్లు 3 నెలల పే స్లిప్పులు, సెలవు మంజూరైన లెటర్, ఐటీ రిటర్నులు పెట్టాలి. వ్యాపారస్తులు జీఎస్టీ రిజిస్ట్రేషన్, రిటర్నులు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి రైతుల దగ్గర రిటర్నులు ఉండకపోవచ్చు. వాళ్లు పట్టాదారు పాసుపుస్తకం, పంట అమ్మిన రసీదులు, ఆ సొమ్ము ఖాతాలో జమైనట్టు చూపే ఎంట్రీలు పెట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి పత్రానికీ ఇంగ్లిష్ అనువాదం చేయించి నోటరీ పెట్టించండి. పాసుపుస్తకం అలాగే జిరాక్స్ తీసి ఇస్తే అది ఎవరికీ అర్థం కాని కాగితం.

స్టేట్‌మెంట్‌ని అధికారి ఎలా చదువుతాడో చూడండి. ఐదు నెలల పాటు ఖాతాలో 20, 30 వేలకి మించి లేవు. అప్లై చేసే వారంలో ఒక్కసారిగా 4 లక్షలు పడ్డాయి. అది అప్పు తెచ్చి చూపించిన డబ్బని అతనికి ఇట్టే తెలుస్తుంది. నిజంగానే ఎఫ్‌డీ తీసినదో, చిట్టీ పాడినదో అయితే ఆ రసీదు జత చేసి, కవరింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం రాయండి. తల్లిదండ్రుల ఖర్చు అమెరికాలోని కొడుకో కూతురో పెట్టుకుంటుంటే, స్పాన్సర్ లెటర్‌తో పాటు వాళ్ల స్టేట్‌మెంట్లు, బంధుత్వం చూపే పత్రం కూడా ఉండాలి.

వేలిముద్రల రోజు

వీఎఫ్‌ఎస్ సైట్‌లో మాల్టా పేజీ తెరిచి దగ్గరి కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోండి. పది వేళ్ల ముద్రలు, ఫోటో తీసుకుంటారు. 12 ఏళ్ల లోపు పిల్లలకి ముద్రలు అక్కర్లేదు. షెంజెన్ కోసం ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలల దాకా మళ్లీ వాడుకోవచ్చు. ఆషాఢంలోనో పెళ్లి ముందో వెళ్తుంటే వేళ్ల కొసలకి గోరింటాకు పెట్టుకోకండి, స్కానర్ గీతలు పట్టదు. వేలు తెగి కట్టు ఉన్నా అపాయింట్‌మెంట్ వాయిదా వేసుకోవడమే మేలు.

స్టిక్కర్ చదవడం

పాస్‌పోర్టు చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూసుకోండి. తర్వాత మూడు గడులు చూడండి. మొదటిది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. రెండోది, ఎన్నిసార్లు లోపలికి: 01, 02 లేదా మల్ట్ (ఎన్నిసార్లైనా). మూడోది, ఎన్ని రోజులు.

ఎక్కువమంది పొరపడేది మూడోదాని దగ్గరే. తేదీలు అక్టోబరు 10 నుంచి నవంబరు 3 దాకా ఉండి, రోజులు 10 అని ఉందనుకోండి. మీకున్నవి 10 రోజులే. ఆ పైన ఉన్న 15 రోజులు ప్రయాణం ముందువెనకలైతే సర్దుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. 10న దిగితే 19న షెంజెన్ దాటాలి, 20న కాదు.

మొదటి గడిలోనూ ఒక మెలిక ఉంది. వీసా 10వ తేదీన మొదలవుతుంటే, 9వ తేదీ రాత్రి 11 గంటలకి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగే విమానం పనికిరాదు. శంషాబాద్‌లో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు.

01 ఉన్నా గోజో, కొమినో దీవులకి వెళ్లిరావచ్చు. చిర్కెవ్వా రేవు నుంచి గోజోకి ఫెర్రీ అరగంట లోపే, అదంతా మాల్టాయే. సిసిలీలోని పొజాల్లోకి పడవలో వెళ్లి తిరిగొచ్చినా ఎంట్రీ ఖర్చు కాదు, కాకపోతే పాస్‌పోర్టు వెంట ఉండాలి. లండన్‌కో డబ్లిన్‌కో ట్యునీషియాకో వెళ్లి మళ్లీ మాల్టాకి రావాలంటే మాత్రం 02 లేదా మల్ట్ ఉండాలి, ఆ దేశాల వీసా వేరే తీసుకోవాలి. క్రూయిజ్ ఎక్కేవాళ్లు ఓడ ఆగే రేవులన్నీ ముందే చూసుకోండి.

మల్ట్ ఉన్నవాళ్లకి 90/180 లెక్క. ఏ రోజైనా ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు చూస్తే, షెంజెన్‌లో గడిపినవి 90 దాటకూడదు. జనవరి 1తో ఈ లెక్క కొత్తగా మొదలవదు.

భారత్‌లో ఉంటూ గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు సక్రమంగా వాడినవాళ్లకి, 2024 ఏప్రిల్‌లో వచ్చిన నిబంధన ప్రకారం రెండేళ్ల మల్టిపుల్ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువుంటే ఐదేళ్లది దొరుకుతుంది. అందుకని పాత వీసాల కాపీలు తప్పకుండా జత చేయండి.

దిగేటప్పుడు

ఇస్తాంబుల్, దోహా మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ మాల్టాలో లుకా విమానాశ్రయంలో జరుగుతుంది. రోమ్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే అయిపోతుంది, మాల్టా విమానం అప్పుడు లోకల్ విమానం లాంటిది. అలాంటప్పుడు రెండు విమానాల మధ్య కనీసం రెండున్నర, మూడు గంటలు ఉండేలా చూసుకోండి. హోటల్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాపీలు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో కాదు. వీసా ఉన్నా అధికారి అవి అడగొచ్చు, చూపలేకపోతే ఆపొచ్చు.

2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టులో ముద్ర వేసే పద్ధతి పోయి, రాకపోకలు కంప్యూటర్‌లో నమోదయ్యే ఈఈఎస్ పద్ధతి దశలవారీగా వచ్చింది. ఒక్క రోజు ఎక్కువ ఉన్నా అందులో కనబడుతుంది.

సంచిలో తిండి గురించి కూడా. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి, కోవా, పనీర్, చికెన్ పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పోనివ్వరు. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి గట్టిగా సీలు చేసి లగేజీలో పెట్టుకోవచ్చు. రోజూ వేసుకునే మందులకి డాక్టరు చీటీ ఉంచుకోండి. 10,000 యూరోలు, ఆ పైన నగదు ఉంటే డిక్లేర్ చేయాలి.

వీసా రాకపోతే

కారణం టిక్ పెట్టిన ఫారం ఇస్తారు. ఖర్చులకి ఆధారం చాలలేదనో, తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదనో, పర్యటన ఉద్దేశం స్పష్టంగా లేదనో ఉంటుంది. అప్పీలు చేసుకునే హక్కు ఉంది, గడువు ఆ ఫారంలోనే రాస్తారు. టిక్ పడిన లోపం సరిచేయకుండా అదే కట్టతో మళ్లీ పెడితే మళ్లీ అదే ఫారం వస్తుంది. కొత్త దరఖాస్తులో గతంలో తిరస్కరించారా అన్న ప్రశ్నకి ఉన్నది ఉన్నట్టు రాయండి. షెంజెన్ దేశాలన్నిటికీ ఆ రికార్డు కనిపిస్తుంది.