కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ముందు కూర్చునే ముందు జాగ్రత్తలు

కాన్‌ఫోకల్ అంటే లేజర్ కాంతితో శాంపిల్‌ను స్కాన్ చేసి బొమ్మ తీసే మైక్రోస్కోప్. తిరుపతి ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ముందు యూపీఎస్ చూడండి. ఏసీ వేసి గది చల్లబడ్డాకే లేజర్లు ఆన్ చేసి, స్థిరపడటానికి అరగంట ఇవ్వండి. మెర్క్యురీ ల్యాంపు ఉన్న మెషీన్ అయితే, ఆరిపోయిన ల్యాంపును మళ్లీ వెంటనే వెలిగించకండి. పూర్తిగా చల్లారనివ్వండి.

స్లైడు: శాంపిల్ మీద కప్పే పలుచటి గాజు, అంటే కవర్ గ్లాసు, మందం 0.17 మిల్లీమీటర్లు ఉండాలి. దాని అంచులు మూయడానికి రాసిన నెయిల్ పాలిష్ ఆరిందో లేదో చూసుకోండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ నూనె దగ్గరే. ఆయిల్ లెన్సుతో (స్లైడు మీద నూనె చుక్క వేసి వాడేది) చూసిన స్లైడు మీదికి డ్రై లెన్సు (నూనె లేకుండా వాడేది) తిప్పకండి. నూనె అంటితే బొమ్మ మసకబారుతుంది, లోపలికి దిగితే లెన్సే పోతుంది. దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఆయిల్ లెన్సుకు నూనె ఒక్క చుక్క వేస్తే చాలు. పనయ్యాక లెన్స్ పేపర్‌తో మెల్లగా అద్దండి, రుద్దకండి. చున్నీ, జేబు రుమాలు అసలే వద్దు.

405 నానోమీటర్ల లేజర్ కంటికి మసగ్గానే కనిపిస్తుంది, అలాగని తేలిగ్గా తీసుకోకండి. స్కాన్ నడుస్తుండగా స్లైడు ముట్టుకోవద్దు, ఇంటర్‌లాక్ (మూత తెరిస్తే లేజర్‌ను ఆపేసే రక్షణ స్విచ్) జోలికి పోవద్దు. పవర్ తక్కువతో మొదలుపెట్టండి, ఎక్కువైతే శాంపిల్‌లోని ఫ్లోరోసెన్స్ (లేజర్ పడితే రంగు వెలిగించే మెరుపు) వెలిసిపోతుంది.

తర్వాత బుకింగ్ ఉంటే లేజర్లు ఆపే ముందు వాళ్లకు ఒక మాట చెప్పండి.