న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్ ఆడాలంటే: ఏది లీగల్, ఏది కాదు, ఎలా చూసుకోవాలి

అమెరికాలో ఆన్‌లైన్ పోకర్, అంటే డబ్బు పెట్టి ఆడే ఒక రకం పేకాట, లీగలేనా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం, ఎందుకంటే స్టేట్ మారితే రూల్ మారిపోతుంది. అందుకే మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ గురించి మాత్రమే చెప్తా. ఇక్కడ ఆడేవాళ్లు బాగానే ఉన్నారు కానీ ఆడే ముందు చూసుకోవాల్సినవి చూసుకునేవాళ్లు తక్కువ, బాధంతా అక్కడే.

న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్, ఆన్‌లైన్ కేసినో రెండూ లీగలే. 2013 ఫిబ్రవరిలో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ సంతకం పెట్టారు, అదే ఏడాది నవంబర్‌లో సైట్లు మొదలయ్యాయి. స్పోర్ట్స్ బెట్టింగ్ 2018లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చింది, ఆ కేసులో పోరాడి గెలిచింది కూడా న్యూజెర్సీనే. వయసు 21 నిండాలి. సిటిజన్ అయి ఉండక్కర్లేదు, ఇల్లు న్యూజెర్సీలోనే ఉండాలని కూడా లేదు, కానీ ఆట ఆడుతున్న ఆ టైంలో మీరు మాత్రం స్టేట్ బోర్డర్ లోపల ఉండాలి.

చాలామంది తడబడేది ఈ చివరి మాట దగ్గరే. ఫోన్ లొకేషన్, వైఫై అన్నీ చూసి మీరు ఎక్కడున్నారో యాప్ కనిపెడుతూనే ఉంటుంది. జెర్సీ సిటీలో ఆడుతూ ఆడుతూ పాత్ (PATH) ట్రైన్ ఎక్కి న్యూయార్క్ వైపు మన్‌హాటన్‌లో దిగితే ఇంక ఆడనివ్వదు, ఎందుకంటే న్యూయార్క్‌లో ఫోన్‌లో స్పోర్ట్స్ బెట్టింగ్ 2022 జనవరి నుంచి ఉంది గానీ ఆన్‌లైన్ పోకర్‌కి, కేసినోకి లైసెన్స్ ఇచ్చే చట్టం లేదు. నాది న్యూజెర్సీ డ్రైవింగ్ లైసెన్స్, న్యూజెర్సీ అడ్రస్ అని వాదించినా లాభం లేదు. ఎక్కడున్నారో దాచే వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, దొరికితే అకౌంట్ లాక్ అవుతుంది, గెలిచిన డబ్బు కూడా చేతికి రాకపోవచ్చు. అలాగే ఫ్రెండ్ అకౌంట్‌లో మీరు ఆడటం, మీ అకౌంట్ తమ్ముడికి ఇవ్వడం, ఇవి కూడా కుదరవు. అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఆడాలి.

ఇక సైట్ అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి అంటే, న్యూజెర్సీలో వీటన్నిటినీ చూసే ఆఫీస్ డివిజన్ ఆఫ్ గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్, అందరూ డీజీఈ అంటారు. పర్మిషన్ ఉన్న సైట్ల లిస్టు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది. గూగుల్‌లో పైన కనిపించిన యాడ్ నొక్కి డబ్బు వేయకుండా ముందు ఆ లిస్టు తెరిచి, మీ సైట్ పేరు, అడ్రస్ అక్షరం అక్షరం పోల్చుకోండి. సైట్ పేజీ అడుగున డీజీఈ ముద్ర కూడా ఉంటుంది కానీ బొమ్మ ఎవడైనా అతికించగలడు కాబట్టి లిస్టునే నమ్మండి. ఇక్కడ ప్రతి లీగల్ సైట్ వెనకా అట్లాంటిక్ సిటీ కేసినో ఒకటి ఉంటుంది. మీ టేబుల్ మీద నెవాడా, మిషిగన్ లాంటి స్టేట్ల వాళ్లు కనిపిస్తే అనుమానపడక్కర్లేదు, కొన్ని స్టేట్లు ఒప్పందం చేసుకుని ప్లేయర్లని కలిపి ఆడిస్తున్నాయి.

లిస్టులో లేని ఫారిన్ సైట్ల జోలికి ఎందుకు వెళ్లొద్దంటానంటే 2011 ఏప్రిల్ 15న జరిగింది చూడండి. ఆ రోజు ఫెడరల్ గవర్నమెంట్ పోకర్‌స్టార్స్, ఫుల్ టిల్ట్, ఆబ్సల్యూట్ పోకర్ అనే పోకర్ సైట్ల మీద కేసు పెట్టింది, ఫుల్ టిల్ట్‌లో డబ్బున్న అమెరికా ప్లేయర్లకి తిరిగి ఇవ్వడం మొదలైంది 2014లో, ఆబ్సల్యూట్ పోకర్ వాళ్లైతే 2017 దాకా ఆగాల్సొచ్చింది. అలాంటి ఫారిన్ సైట్‌లో మీ డబ్బు ఆగిపోతే డీజీఈకి కంప్లైంట్ ఇచ్చినా లాగి ఇప్పించే అధికారం వాళ్లకి ఉండదు. కాయిన్లు కొనుక్కుని ఆడి తర్వాత డాలర్లుగా మార్చుకునే స్వీప్‌స్టేక్స్ కేసినోలని కూడా న్యూజెర్సీ 2025 ఆగస్టులో బ్యాన్ చేసింది, ఫ్రీ గేమే కదా అనుకుని వెళ్లకండి.

ఇంట్లో పేకాట సంగతి కూడా అడుగుతుంటారు. నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని డబ్బు పెట్టి ఆడుకుంటే, ఎవరికీ ఆటలో గెలిచిందే తప్ప వేరే లాభం లేకపోతే, న్యూజెర్సీలో ఉత్త ప్లేయర్‌ని నేరస్థుడిగా చూడరు. కానీ ఇల్లు ఇచ్చినందుకు ప్రతి పాట్‌లోంచీ, అంటే ఆ ఆటకి అందరూ పెట్టిన డబ్బులోంచి, కమిషన్ తీసుకుంటే అది గ్యాంబ్లింగ్ నడపడం కిందకి వస్తుంది. గ్రీన్‌కార్డ్ ఉండి సిటిజన్‌షిప్‌కి వెళ్లేవాళ్లు ఇది సీరియస్‌గా తీసుకోవాలి, ఇమిగ్రేషన్ చట్టంలో మంచి నడవడిక అని ఒక షరతు ఉంది, లెక్కలోకి తీసుకునే ఆ కొన్నేళ్లలో రెండు గ్యాంబ్లింగ్ కేసుల్లో శిక్ష పడినా, సంపాదనలో ముఖ్యభాగం చట్టవిరుద్ధ జూదం నుంచే వచ్చినా ఆ షరతు దాటలేరు.

ట్యాక్స్ దగ్గర కొంచెం ఓపిగ్గా చదవండి. సైట్ నుంచి ట్యాక్స్ ఫారం రాలేదు కదా అని గెలిచింది చూపించకపోవడం తప్పు, ఫారం వచ్చినా రాకపోయినా గెలుపు ఆదాయమే. న్యూజెర్సీ రిటర్న్‌లో అదే ఏడాది పోయినదాన్ని గెలిచినదాంట్లోంచి తీసేయొచ్చు. ఫెడరల్‌లో మాత్రం పోయింది చూపించాలంటే ఐటమైజ్ చేయాలి, అంటే మినహాయింపులన్నీ విడివిడిగా రాసి చూపించాలి, పైగా 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి పోయినదాంట్లో 90 శాతమే లెక్కలోకి తీసుకుంటారు, అంటే 10,000 డాలర్లు గెలిచి మళ్లీ 10,000 పోగొట్టుకున్నా 1,000 మీద ట్యాక్స్ పడుతుంది. ఎఫ్-1 వీసా మీద వచ్చిన స్టూడెంట్లకి ఇంకా గట్టిది, ట్యాక్స్ లెక్కలో నాన్-రెసిడెంట్‌గా ఉన్నంతకాలం పోకర్ గెలుపు మీద 30 శాతం, పోయిన డబ్బు తీసేసుకోవడానికి మామూలుగా వీలుండదు. అందుకే డిపాజిట్ వేసిన రోజు నుంచే తేదీ, సైట్, ఎంత పెట్టారు, ఎంత వచ్చింది అని ఒక షీట్‌లో రాసుకోండి, ఏప్రిల్‌లో ట్యాక్స్ వేసేటప్పుడు వెతుక్కుంటే దొరకవు.

అకౌంట్ తెరిచేటప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, లైసెన్స్ ఉన్న సైట్ మీరెవరో నిర్ధారించుకోవాలి కాబట్టి అది మామూలే, లిస్టులో లేని సైట్ అడిగితే మాత్రం ఇవ్వకండి. మొదటి డిపాజిట్ వేయకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి రోజుకి, వారానికి ఇంతే అని లిమిట్ పెట్టేయండి, ఓడిపోతున్నప్పుడు పెట్టుకుందాంలే అంటే ఆ టైంలో చెయ్యి దానిమీదకి వెళ్లదు. అదుపు తప్పుతోందని ఇంట్లోవాళ్లకి గానీ మీకు గానీ అనిపిస్తే సెల్ఫ్ ఎక్స్‌క్లూజన్ అని ఉంది, ఏడాదికి గానీ 5 ఏళ్లకి గానీ పేరు ఇస్తే న్యూజెర్సీ లైసెన్స్ ఉన్న సైట్లన్నీ మీ అకౌంట్ మూసేస్తాయి, మధ్యలో మనసు మారినా తెరవరు. మాట్లాడటానికి మనిషి కావాలంటే జూదం అలవాటుకి సాయం చేసే హెల్ప్‌లైన్ 1-800-426-2537కి ఫోన్ చేయండి, మీ కోసమే కాదు, భర్త గురించో కొడుకు గురించో అడగడానికి కూడా చేయొచ్చు.