ఆదివారం ఏం తిన్నారు?

మాది మదనపల్లె. బెంగళూరులో యలహంక దాటాక, పరిశోధన కోసం పందుల్ని పెంచే షెడ్డు ఒకటుంది. తొమ్మిదేళ్లుగా అక్కడే పని. కొత్తగా చేరినవాళ్లను మొదటిరోజు ఇదే అడుగుతాను: "ఆదివారం ఏం తిన్నారు?" నవ్వుతారు. కూర్గ్ హోటల్లో పంది కర్రీ తింటే తప్పులేదు. మిగిలింది డబ్బాలో కట్టించుకుని ఇక్కడికి తెస్తేనే గొడవ. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు వైరస్ సరిగా ఉడకని పంది మాంసంలో, ఫ్రీజర్లో పెట్టిన మాంసంలో నెలల తరబడి బతికే ఉంటుంది. మన దేశంలో అది 2020లో అస్సాం, అరుణాచల్‌లో బయటపడింది. వస్తే మందు లేదు.

లోపలికి వెళ్లేముందు తలస్నానం చేసి, షెడ్డు బట్టలు, షెడ్డు బూట్లు వేసుకోండి. బూట్లను నేరుగా మందునీళ్లలో ముంచేస్తే లాభం లేదు. పేడ అంటుకుని ఉంటే మందు పనిచేయదు. ముందు బ్రష్షుతో రుద్ది కడగాలి, తర్వాతే ముంచాలి. తొట్టిలో నీళ్లు మురికైతే పారబోసి కొత్తవి కలపండి. ముందు పందిపిల్లల దగ్గరికి, తర్వాత పెద్దవాటి దగ్గరికి, క్వారంటైన్ గదికి అన్నిటికన్నా చివర. జలుబు, జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండండి. మన ఫ్లూ పందులకూ అంటుకుంటుంది.

ఒకసారి దాణా లారీ డ్రైవర్ పాపం సాయం చేద్దామని బస్తాలు మోసుకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చేశాడు. వద్దనాల్సింది నేనే, మొహమాటపడ్డాను. ఆ వారమే పిల్లలకు విరేచనాలు. అతనివల్లే అని చెప్పలేను. యాంటిబయాటిక్ వేస్తే బతికాయి, కానీ మందు పడ్డాక ఆ బ్యాచ్ ప్రయోగానికి పనికిరాలేదు. ఇప్పుడు బస్తాలు గేటు దగ్గరే దించాలి, అక్కణ్నుంచి మా తోపుడుబండి.

కొత్త పందుల్ని కనీసం 30 రోజులు విడిగా ఉంచి, రక్తపరీక్షలు వచ్చాకే మందలో కలుపుతాం. మామూలు స్వైన్ ఫీవర్ (పైన చెప్పిన ఆఫ్రికన్‌ది కాదు, అది వేరే జబ్బు) టీకా కూడా డాక్టరుగారిని అడగకుండా వేయొద్దు. టీకా వేస్తే రక్తంలో యాంటీబాడీలు వస్తాయి, కొన్ని ప్రయోగాలకు అవి అడ్డం. ఒంటి వేడి 102, 103 ఫారెన్‌హీట్ మామూలే, 104 దాటితే వెంటనే ఫోన్ చేయండి. చచ్చిన పందిని మీరు కోసి చూడొద్దు.

రోజూ పుస్తకంలో రాయాలి. "అన్నీ బాగున్నాయి" అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. పన్నెండో నంబరు పొద్దున దాణా సగం వదిలేసింది, అని రాయండి.