మృగశిర రాకముందే ఓబీ గుట్ట చుట్టూ ఒకసారి తిరగండి

ఓపెన్‌కాస్ట్ గనిలో, అంటే పైనుంచి తవ్వుకుంటూ వెళ్లే గనిలో, వానాకాలపు జాగ్రత్తలు మే నెలలోనే మొదలుకావాలి. నాలుగు వానలు పడ్డాక డంపు యార్డులో నడవడమే కష్టం, ఇక చూసేదేముంటుంది? రామగుండం, మణుగూరు, భూపాలపల్లి దారుల్లో దూరం నుంచి కొండల్లా కనిపించే ఆ గుట్టలు బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టీ, రాయీ. గనిలో దాన్నే ఓబీ (ఓవర్‌బర్డెన్) అంటారు. డంపర్లు పోసిన వదులు మట్టి కొండలా బిగిసి ఉండదు. "పదేళ్లుగా ఇలాగే ఉంది, ఏమీ కాదు" అనే మాటను నమ్మవద్దు.

ముందు టేపు, సర్వే ప్లాను పట్టుకోండి. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం గుట్ట వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. 30 మీటర్లకు మించిన గుట్టను బెంచీలుగా, అంటే మెట్లుగా విడగొట్టాలి, ఏ బెంచీ ఎత్తూ 30 మీటర్లు దాటకూడదు. మొత్తం వాలు ఒక మీటరు ఎత్తుకు కనీసం మీటరున్నర అడ్డం ఉండాలి. గుట్ట పాదం రైలు పట్టాలకు, రోడ్డుకు, బయటివాళ్ల ఇళ్లకు 100 మీటర్ల లోపుకు రాకూడదు. ఇవి దాటకూడని హద్దులు మాత్రమే. ఆరిన ఇసుకరాయి ముక్కల మీద నిలబడే వాలు, తడిసిన నల్లరేగడి మీద నిలబడదు.

అందుకే నా లెక్కలో అసలు పరీక్ష గుట్ట కిందే. డంపు పోయకముందు అక్కడ ఏముండేది? వాగా, చెరువు శిఖమా, ఊటా? పాత మ్యాపు తీసి చూడండి, ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊట మీదే బొగ్గు గని వ్యర్థాలు పోశారు. 1966 అక్టోబరు 21న ఆ గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ఆ ఊట పాత మ్యాపుల్లో ఉంది.

గుట్ట పైభాగంలో నీరు నిలవకుండా, లోపలివైపు వాలుగా చదును చేసి కాలువకు పంపాలి. చుట్టూ ఉన్న గార్లాండ్ డ్రెయిన్‌లో పూడిక తీయించండి. ఏటా బిల్లు అవుతుంది, కాలువ మాత్రం సగం పూడే ఉంటుంది. పాదం దగ్గర కొత్తగా చెమ్మ కనిపించినా, నేల ఉబ్బినా వెంటనే చెప్పాలి.

అంచుకు సమాంతరంగా నెర్రె పడిందా? దాన్ని డోజర్‌తో (మట్టి నెట్టే యంత్రంతో) కప్పేసి చేతులు దులుపుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. అటొక మేకు, ఇటొక మేకు పాతి, ప్రతి షిఫ్టులో దూరం కొలిచి పుస్తకంలో రాయండి. ఆ తర్వాతే వాన నీరు దిగకుండా బంకమట్టితో మూయండి, మేకులు మాత్రం కదపొద్దు. నిన్న 2 సెంటీమీటర్లు, ఇవాళ 5 అయితే రిపోర్టు కోసం ఎదురుచూడకుండా కింద ఉన్న మనుషుల్ని, యంత్రాల్ని తప్పించండి. గుట్ట కదలికను కనిపెట్టే రాడార్ ఉన్నచోట కూడా ఈ మేకులు దండగ కాదు.

జార్ఖండ్ లాల్‌మాటియాలో 2016 డిసెంబరు 29న ఓబీ కూలి 23 మంది చనిపోయారు. అది వానాకాలం కాదు. కాబట్టి సెప్టెంబరు దాటగానే పుస్తకం మూసేయకండి.

ఇంజనీర్లు 'సేఫ్టీ ఫ్యాక్టర్' అని ఒక అంకె ఇస్తారు. గుట్టను పట్టి ఉంచే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చేది అది. 1 కంటే తగ్గితే జారినట్టే. మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "సార్, ఈ లెక్క పొడి మట్టితో చేశారా, తడిసిన మట్టితోనా?" ఏప్రిల్‌లో తీసిన నమూనాతో 1.4 వచ్చిందని జులైలో ధీమాగా ఉండలేం.

డంపర్ డ్రైవర్లకు: పెద్ద వాన కురిసిన షిఫ్టులో అంచు మీదకు వెనక్కి వెళ్లవద్దు. కాస్త ఇవతలే దించితే డోజర్ నెడుతుంది. అంచున మట్టికట్ట లేకపోయినా, రాత్రి లైటు లేకపోయినా బండి ఆపే హక్కు మీకుంది.

గుట్ట కింద మేకలు మేపేవాళ్లు, బొగ్గు ఏరుకునేవాళ్లు బోర్డు చదవరు. కంచె వేయండి, ఊళ్లో చాటింపు వేయించండి. పాదం దగ్గర ఉన్నట్టుండి బురద నీరు ఉబికితే బుట్టా, మేకా వదిలేసి గుట్ట జారే దిశలో కాకుండా పక్కకు పరుగెత్తమని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.