కాజాల డబ్బా తెరిచే ముందు

కోపమో దిగులో వచ్చినప్పుడు చెయ్యి నేరుగా కాజాల డబ్బా మీదికే పోతుంది. అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఇప్పుడు పెరుగన్నం, ఆవకాయ పెడితే తింటానా?" తింటాననిపిస్తే అది కడుపాకలి, కూర్చుని అన్నమే తినండి. అదొద్దు, తాపేశ్వరం కాజాయే కావాలనిపిస్తే మాత్రం అది మనసు ఆకలి. కడుపాకలి మెల్లగా పెరుగుతుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వచ్చి ఒక్క రుచినే పట్టుకుంటుంది. ఒత్తిడి రోజుల తరబడి సాగితే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి తీపి, నూనె వంటల మీదికి మనసు లాగుతుంది, కాబట్టి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

గ్లాసుడు పల్చటి మజ్జిగ తాగి, 10 నిమిషాలు కాలవగట్టు మీద నడిచి రండి. అప్పటికీ కావాలనిపిస్తే ఒక్క కాజా పళ్ళెంలో పెట్టుకుని, డబ్బా మూత బిగించి లోపల పెట్టేశాకే తినండి. డబ్బా ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తే ఎన్ని తిన్నామో లెక్క ఉండదు. మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టడం అన్నిటికంటే చేటు, సాయంత్రానికి రెండాకళ్ళూ కలిసొస్తాయి. ఎవరికీ తెలియకుండా ఆపలేనంతగా తినడం, తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం ఉంటే చిట్కాలతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించుకోండి.