బెంచ్ గ్రైండర్ మీద ఫినిషింగ్ సరిగ్గా రావట్లేదా? కొత్త వీల్ కొనేముందు ఇవి చూడండి

ఫినిషింగ్ బాగా రాలేదనగానే అందరూ చేసే పని ఒకటే, షాపుకెళ్లి ఇంకో వీల్ తెచ్చుకోవడం. ఇంకా సన్న నంబరు (గరుకు ఎంతో చెప్పే గ్రిట్ నంబరు, పెరిగేకొద్దీ సన్నం) అడుగుతారు, లేకపోతే ఇంకా ఖరీదైనది అడుగుతారు. అసలు వీల్ లేబుల్ మీద ఏం రాసుంది, మోటార్ ప్లేటు మీద స్పీడ్ ఎంత, ఆ వీల్ మీద ఇంతకుముందు ఏ మెటల్ పట్టారు, ఈ మూడూ చూసుకుంటే చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఒక్క నిమిషం పని, అయినా ఎవరూ చూడరు. వీల్ ఎక్కించడం, దించడం, కళ్లద్దాలు పెట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నా.

బఫ్ కొట్టినా గీతలు పోవట్లేదు

80 నంబరు ఫ్లాప్ వీల్ (గరుకు కాగితం రెక్కలున్న వీల్) కొట్టి నేరుగా బఫ్ (మెరిపించే గుడ్డ వీల్) మీద పెడితే గీత పోదు. కాటన్ బఫ్ మెటల్‌ని పెద్దగా కోయదు, మెరిపిస్తుంది అంతే, దాంతో ఆ గీత కూడా మెరుస్తూ ఇంకా బాగా కనబడుతుంది. 80 తర్వాత 120, 180, 240, బాగా అద్దంలా కావాలంటే 400 దాకా వెళ్లి, అప్పుడు సిసల్ (నార) వీల్, చివర్లో కాటన్. నంబరు మార్చిన ప్రతిసారీ జాబ్‌ని, అంటే పని చేస్తున్న ముక్కని, అడ్డం తిప్పి పట్టండి, పాత గీతలు కొత్త గీతలకి అడ్డంగా కనబడతాయి, అవి మొత్తం పోయాకే తర్వాతి నంబరుకి వెళ్లాలి. ఒక్కో బఫింగ్ సోప్‌కి ఒక్కో బఫ్ ఉంచుకోండి, రెండు సోపులు ఒకే గుడ్డ మీద పూస్తే ముందుదాని గరుకు చివరిదాకా వెంటాడుతుంది.

మెటల్ నీలం ఎక్కుతోంది

వేడి. మన 50 హెర్ట్జ్ కరెంట్ మీద మామూలు బెంచ్ గ్రైండర్ 2,800 పైచిలుకు ఆర్‌పీఎం తిరుగుతుంది. 6 ఇంచుల వీల్ అయితే అంచు వేగం సెకనుకు 22 మీటర్లు, 8 ఇంచులకి 30 దగ్గర. అంత వేగంలో రాయి (గ్రైండింగ్ వీల్) ముఖం నున్నగా అయిపోయి ఉంటే అది కోయదు, రుద్దుతుంది, రుద్దితే వేడి. మామూలు కార్బన్ స్టీల్ ఉలి అంచు నీలం అయిందంటే దాదాపు 300 డిగ్రీలకి వెళ్లింది, ఆ మేరకు టెంపర్ (అంచు గట్టిదనం) పోయినట్టే. డ్రెస్సర్ (రాయి ముఖాన్ని గీకే పనిముట్టు) పట్టి రాయి ముఖం తెరవండి, చెయ్యి నొక్కడం తగ్గించండి. దయచేసి ఇంకా సన్న రాయి కొనకండి, ఇంకా ఎక్కువ కాలుతుంది.

నైలాన్ వీల్ కరిగి జాబ్‌కి అంటుకుంటోంది, లేదా పొరలు పొరలుగా లేస్తోంది

నాన్-వోవెన్ (నేయకుండా పీచుని రెసిన్‌తో అంటించి చేసిన) వీల్‌ని మేస్త్రీలు నైలాన్ వీల్ అంటారు. నొక్కుడు ఎక్కువైనా స్పీడ్ ఎక్కువైనా దాని రెసిన్ కరిగి మరకలా అంటుతుంది. కుదిరితే 1,400 ఆర్‌పీఎం మెషీన్ మీద వాడండి, లేకపోతే చేతిని తేల్చి పట్టండి. పొరలు లేస్తుంటే మాత్రం పక్కనున్న బాణం గుర్తు చూడండి. చుట్టి అంటించిన రకం వీల్‌కి దిశ ఉంటుంది, ఉల్టా తిరిగితే అంటించిన చివర ఊడి లేచిపోతుంది. వీల్ తీసి తిప్పి ఎక్కిస్తే సరి.

వీల్ అదురుతోంది, జాబ్ మీద అలలు పడుతున్నాయి

ఇక్కడ దొరికే రాళ్లకి చాలావాటికి బొక్క 31.75 మిల్లీమీటర్లు, షాఫ్ట్ దానికంటే చాలా సన్నం, మధ్యలో ప్లాస్టిక్ బుష్. ఆ బుష్ లూజుగా ఉంటే వీల్ సెంటర్ తప్పుతుంది. బుష్ మార్చండి, మళ్లీ డ్రెస్ చేయండి.

ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) జాబ్ అద్దంలా వచ్చింది, కొన్నాళ్లకి తుప్పు చుక్కలు

జనాన్ని బాగా ముంచేది ఇదే. ఎందుకంటే జాబ్ ఇచ్చిన రోజు ఏ లోపమూ కనబడదు. రెయిలింగ్ బిగించి డబ్బులు తీసుకుని వచ్చేస్తాం, వానలు పడ్డాక, లేదా విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊర్లో అయితే ఇంకా ముందే, గోధుమ రంగు చుక్కలు లేస్తాయి. కస్టమర్ ఫోన్ చేసి 304 గ్రేడ్ అని చెప్పి చౌక 202 వేశారు అంటాడు, మేస్త్రీ పైపుల షాపువాణ్ని తిడతాడు, షాపువాడు కంపెనీని అంటాడు. గ్రైండర్ మీదున్న వీల్ వైపు మాత్రం ఒక్కరూ చూడరు.

జరిగేదేంటంటే, ఆ వీల్ మీద ఎప్పుడో ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) పట్టారు. మామూలు ఇనుము పొడి ఫ్లాప్ వీల్ సందుల్లో, నైలాన్ వీల్ పీచులో ఇరుక్కుని ఉంటుంది, తర్వాత ఎస్‌ఎస్ పెట్టగానే ఆ పొడిని వీల్ తీసుకెళ్లి ఎస్‌ఎస్ ముఖంలోకి గుచ్చేస్తుంది. తేమ తగిలితే తుప్పు పట్టేది ముందు ఆ గుచ్చుకున్న ఇనుమే. మామూలు ఇనుప తీగ బ్రష్ వీల్ అయితే ఇంకా ఘోరం, ఎస్‌ఎస్‌కి ఎస్‌ఎస్ తీగ వీలే వాడాలి. బెంచ్ గ్రైండర్‌తో ఇంకో చిక్కు ఉంది, ఎడమ పక్క ఎంఎస్‌కి రాయి, కుడి పక్క ఎస్‌ఎస్‌కి ఫినిషింగ్ వీల్ పెట్టుకుని నాకు వీల్ వేరే ఉంది కదా అనుకుంటారు, కానీ ఎడమ పక్క నుంచి లేచిన పొడి కుడి వీల్ మీద, రెస్ట్ (జాబ్ ఆనించే పలక) మీద, చేతి గ్లవ్స్ మీద పడుతూనే ఉంటుంది.

గ్రేడ్ తప్పా, వీల్ తప్పా అనేది చుక్కలు ఎక్కడున్నాయో చూస్తే చాలావరకు తెలుస్తుంది. వీల్ తగిలిన చోటే, గీతల వరసలోనే చుక్కలు ఉండి, వీల్ తగలని చోట శుభ్రంగా ఉంటే తప్పు వీల్‌దే. మొత్తం అంతటా ఒకేలా మచ్చపడితే గ్రేడ్‌ని అనుమానించండి. వెల్డ్ పక్కన మాత్రమే ఉంటే అది వెల్డింగ్ వేడికి పట్టిన రంగు సరిగ్గా తీయకపోవడం.

డెలివరీకి ముందే పట్టుకోవాలంటే ఒక ముక్క మీద మైలుతుత్తం నీళ్లు వాడండి, బోర్డో మిశ్రమానికి రైతులు కొనే అదే నీలం స్ఫటికం. 250 మిల్లీలీటర్ల నీళ్లకి 4 గ్రాములు కలిపి, నూనె లేకుండా తుడిచిన జాగాలో రాసి ఆరు నిమిషాలు ఆరకుండా తడిగా ఉంచండి. ఇనుము ఉన్న చోట రాగి రంగు తేలుతుంది. అది విషం, వంట గిన్నెల మీద, తిండి తగిలే దేనిమీదా ఈ టెస్ట్ చేయొద్దు.

బాగుచేయడానికి ముందు ఎస్‌ఎస్ తప్ప ఇంకేదీ తగలని కొత్త వీల్‌తో ఆ పైపొర తీసేయాలి. తర్వాత లీటరు గోరువెచ్చని నీళ్లలో 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి అరగంట కప్పి ఉంచండి, మంచి నీళ్లతో బాగా కడిగి తుడవండి. పైన మిగిలిన ఇనుముని నిమ్మ ఉప్పు కరిగిస్తుంది కానీ లోతుగా గుచ్చుకున్నదాన్ని తీయలేదు, అందుకే వీల్ పని ముందు చేయమనేది. బాత్రూమ్ యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. చుక్కలు వెంటనే పోయినట్టే కనబడతాయి గానీ అందులోని క్లోరైడ్ ఎస్‌ఎస్‌కి గుంటలు పెడుతుంది, తర్వాత వచ్చే తుప్పుకి పాలిష్ సరిపోదు.

ఎంఎస్ తగిలిన నైలాన్ వీల్‌ని కడిగి, పైపొర గీకి మళ్లీ ఎస్‌ఎస్‌కి వాడదామని చూడకండి, పీచు లోపల ఏముందో మీకు కనబడదు. దాన్ని ఎంఎస్‌కే వదిలేయండి. ఎస్‌ఎస్ వీల్ మీద మార్కర్‌తో ఎస్‌ఎస్ అని పెద్దగా రాసి, పని అవ్వగానే దించి కవర్లో పెట్టేయండి. కొనేటప్పుడు ఐనాక్స్ అని ముద్ర ఉన్నవి అడగండి, వాటిలో ఇనుము, గంధకం, క్లోరిన్ దాదాపు లేకుండా చేస్తారు. వీలైతే ఎస్‌ఎస్‌కి మెషీనే వేరు పెట్టండి, ఎంఎస్ కోసే చోటికి దూరంగా.

అల్యూమినియంకీ వేరే వీల్ ఉండాలి, కారణం ఇంకోటి. అల్యూమినియం పొడి ఉన్న డబ్బాలోకి ఇనుము నిప్పురవ్వలు పడితే మంట అంటుకోవచ్చు.

బేరింగ్ పోవడం, షాఫ్ట్ వంగడం, వీల్ ఫ్యాక్టరీ నుంచే లోపంతో రావడం, ఇవీ ఉంటాయి గానీ అరుదు. వీల్ తీసేసి ఖాళీగా ఆన్ చేయండి, అప్పుడూ అదిరితేనే మోటార్ విప్పండి.